అబ్సల్యూషన్: పక్కనున్న అర్థం ఒక్కటే చదివితే చాలదు

పోటీ పరీక్షల ఇంగ్లిష్ సెక్షన్ ప్రిపరేషన్‌లో నేను బాగా ఎక్కువసేపు ఆగిన మాట అబ్సల్యూషన్. వర్డ్ లిస్టుల్లో దీని పక్కన ‘ఫర్‌గివ్‌నెస్’ అని రాసి వదిలేస్తారు. అది సరైనదే. కానీ పార్డన్, అక్విటల్, ఎగ్జోనరేషన్ కూడా ఆప్షన్లలో ఉంటే ఆ ఒక్క అర్థంతో గట్టెక్కలేం.

నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను. ఏ మాట వచ్చినా రెండు ప్రశ్నలు వేసుకునేవాడిని. వదిలేసేది ఎవరు? అవతలి మనిషి తప్పు చేసినట్టా, చేయనట్టా? క్యాథలిక్ చర్చిలో విశ్వాసి పాపాలు ఒప్పుకున్నాక ఫాదర్ ఇచ్చేది అబ్సల్యూషన్. తప్పు జరిగిన మాట నిజం, దాని నుంచి విముక్తి దొరికింది. పార్డన్ ఇచ్చేది పాలకులు. 1974 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ తన ముందు అధ్యక్షుడు నిక్సన్‌కి ఇచ్చింది అదే. విచారణ, శిక్ష తప్పాయి గానీ నిర్దోషి అని తేలలేదు. కాబట్టి ఆ వాక్యంలో ఎగ్జోనరేట్ పెడితే అర్థమే మారిపోతుంది, ఎందుకంటే ఎగ్జోనరేట్ అంటే నింద తప్పని తేల్చడం. అక్విటల్ అంటే నేరం రుజువు కాలేదని కోర్టు ఇచ్చే తీర్పు.

ఇక క్రియ అబ్సాల్వ్. దీని దగ్గర కాస్త నిదానించండి. ‘ది రిపోర్ట్ అబ్సాల్వ్‌డ్ ద పైలట్ ఆఫ్ ఆల్ బ్లేమ్’ అన్నప్పుడు పైలట్‌ని ఎవరూ క్షమించలేదు, అతని మీద నింద లేదన్నారు. ‘దిస్ డజ్ నాట్ అబ్సాల్వ్ యూ ఫ్రమ్ రెస్పాన్సిబిలిటీ’ అంటే బాధ్యత నుంచి తప్పించుకోలేవని. పేపర్లలో, ఎడిటోరియల్స్‌లో ఈ వాడుకే ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి ప్యాసేజీల్లోనూ దీన్నే ఎదురుచూడండి.

ఎర్రర్ స్పాటింగ్‌కి ప్రిపొజిషన్ కీలకం. అబ్సాల్వ్ తర్వాత ఆఫ్ గానీ ఫ్రమ్ గానీ రావచ్చు. అక్విట్‌కి ఆఫ్. పార్డన్ చేసిన నేరం చెప్పాలంటే ఫర్. ‘అక్విటెడ్ ఫ్రమ్ ద చార్జ్’ తప్పే అయినా చెవికి బాగానే ఉంటుంది, అందుకే దాన్ని చదివి దాటేస్తాం. ఈ మూడింటినీ విడి మాటలుగా కాకుండా పూర్తి వాక్యాలుగా పైకి చదవండి, నాకు అలాగే నిలిచాయి.

మూలం లాటిన్ సాల్వెరె, అంటే విప్పడం. అబ్సల్యూట్‌ది కూడా అదే మూలం. అబ్లూషన్ మాత్రం వేరే కుటుంబం, దానికి అర్థం శుద్ధి కోసం కడుక్కోవడం. రెండిట్లోనూ మతం వాసన ఉంటుంది, స్పెల్లింగూ దగ్గరగా ఉంటుంది. ఒకే ప్రశ్నలో రెండూ కనిపిస్తే మధ్యలో ‘ఎస్’ ఉందో లేదో చూసి టిక్ పెట్టండి.