ఉప్పల్ వైపు కాల్ సెంటర్: చేరే ముందు ఇవి అడగండి

మా ఉప్పల్ వైపు కొత్త కాల్ సెంటర్ వస్తోందని తెలిసినప్పటి నుంచి వీధిలో డిగ్రీ అయిపోయిన పిల్లలందరి నోటా అదే మాట. నాకైతే చాలా సంతోషంగా ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి ఉద్యోగాలు ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి పక్కకే పోయాయి, ఘట్‌కేసర్ నుంచో హయత్‌నగర్ నుంచో అక్కడికి వెళ్లి రావడానికే సగం ఓపిక అయిపోతుంది. 2017లో నాగోల్ నుంచి మెట్రో మొదలయ్యాక కొంత నయం, కానీ అర్ధరాత్రి మెట్రో ఉండదు కదా.

అమెరికా ప్రాసెస్ (అక్కడి కస్టమర్ల ఫోన్లు చూసే పని) అంటే రాత్రి పనే. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే ఎండాకాలంలో మనకు సాయంత్రం ఆరున్నర, నవంబర్‌లో వాళ్లు గడియారం మార్చుకోగానే ఏడున్నర. ఇంటికొచ్చేసరికి తెల్లారిపోతుంది. అందుకే క్యాబ్ సంగతి ముందే అడగండి, ఇంటి గుమ్మం దాకా దింపుతారా, మెయిన్ రోడ్డు మీద వదిలేస్తారా అని. రాత్రి షిఫ్ట్ చేసే ఆడపిల్లలకు రవాణా ఏర్పాటు చేయడం కంపెనీ బాధ్యత, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

జీతం దగ్గర ఇంకా జాగ్రత్త. మా పక్కింటి అమ్మాయి మొదటి పేస్లిప్ తెచ్చి చూపించింది, ఆఫర్ లెటర్‌లో అంత పెద్ద అంకె వేసి చేతికి ఇంతేనా ఆంటీ అని. చూస్తే కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా సీటీసీలోనే (కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు) కలిపేశారు, పైగా ఈమె వాటా బేసిక్‌లో 12 శాతం కోత, వైద్యానికి ఉండే ఈఎస్ఐ బీమాకి జీతంలో 0.75 శాతం. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది. నేనైతే ఆ కోతలున్న ఉద్యోగమే చూసుకోమంటాను. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ కార్డు ఎంత ఆసరానో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు తెలుస్తుంది. జీతం నేరుగా కంపెనీయే ఇస్తుందా (కంపెనీ పేరోల్), మధ్యలో ఏజెన్సీ ఉందా అన్నదీ చేరే ముందే తేల్చుకోండి.

ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గే పిల్లలను చూస్తే బాధేస్తుంది. బ్యాంకులకూ ఫోన్ కంపెనీలకూ తెలుగు, హిందీ మాట్లాడేవాళ్లు కావాలి, మన పిల్లలకు ఆ రెండూ వీధిలోనే వచ్చేస్తాయి, చాలామందికి ఉర్దూ కూడా. ఆ ప్రాసెస్‌లలో పగటి షిఫ్టులూ దొరుకుతాయి.

సీటు ఇప్పిస్తామని డబ్బడిగే కన్సల్టెన్సీలకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. వాక్-ఇన్ (నేరుగా వెళ్లే ఇంటర్వ్యూ) పెట్టిన రోజు రెజ్యూమె, సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని నేరుగా వెళ్లండి.