హోమ్ ల్యాబ్ లాగ్: రాక్ వద్దనుకున్న, టవర్ తెచ్చిన

ముందుగాల నాకు ఏం కావాల్నో చెప్త, అది చెప్పకుండ ఇంట్ల ప్రాక్టీస్‌కి కొనే సర్వర్ రాక్ (ర్యాక్ అనే ఇనుప స్టాండ్‌ల అడ్డంగ పెట్టే పల్చటి డబ్బా) మంచిదా టవర్ (డెస్క్‌టాప్ లెక్క నిలువు డబ్బా) మంచిదా అంటే ఎవరు మాత్రం ఏం చెప్తరు. ఇన్ని రోజులు ఒక పాత డెస్క్‌టాప్‌ల ప్రాక్స్‌మాక్స్ (ఒక్క మెషీన్‌ల చాన వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుండె, దాంట్లనే ఫొటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్, నా ప్రాక్టీస్ కోసం మూడు కుబర్నెటీస్ (చాన మెషీన్ల మీద అప్లికేషన్లు పంచి నడిపే సాఫ్ట్‌వేర్) నోడ్లు. ర్యామ్ 32 జీబీ, అంతకుమించి బోర్డు తీసుకోదు, నాలుగు డిస్కులు పెడదామంటే క్యాబినెట్‌ల జాగ లేదు. కొత్తదాంట్ల ఈసీసీ ర్యామ్ (తప్పులు తనే సరిచేసుకునే ర్యామ్) ఉండాలె, మానిటర్ తగిలియ్యకుండ బయోస్ దాకా పోయే రిమోట్ కన్సోల్ ఉండాలె, కరెంట్ బిల్లు చూసి నాన్న నన్ను పిలవొద్దు. గంతే.

సెకండ్ హ్యాండ్‌ల వెతికితే నా బడ్జెట్‌కి తగిలినవి డెల్ పవర్‌ఎడ్జ్ 13వ జనరేషన్‌వి: 1యూ (యూ అంటే డబ్బా ఎత్తు కొలత) ఆర్630, 2యూ ఆర్730, టవర్‌ల టీ430. ఈడ అసలు సంగతి ఏందంటే ఈ మూడింట్ల లోపటి సరుకు దాదాపు ఒకటే, అదే జియాన్ ఈ5-2600 వీ3, వీ4 ప్రాసెసర్లు, అదే డీడీఆర్4 రిజిస్టర్డ్ ర్యామ్ (సర్వర్లల వాడే రకం), అదే ఐడ్రాక్ 8 (డెల్ సర్వర్‌ని దూరం నుంచి చూసుకునే చిప్). కాబట్టి రాక్ అయితే స్పీడ్ ఎక్కువ, టవర్ అంటే చిన్న ఆఫీసులకి అన్న మాట వినకండి. పెర్ఫార్మెన్స్ కాదు తేడా, డబ్బా తేడా, ఇంకా కరెక్ట్‌గ చెప్పాలంటే గాలి ఎట్ల పోతది అన్నదాంట్ల తేడా.

సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) మొత్తం తిరిగిన. ఏ షాపుకి పోయినా దాదాపు అన్నీ రాక్ సర్వర్లే, ఒకదాని మీద ఒకటి గోడ లెక్క పేర్చి పెట్టిండ్రు. ఒక షాపాయన్ని "అన్నా, టవర్ లేదా?" అంటే ఆయన నవ్వి, "టవర్లు యాడికెళ్లి వస్తయి సార్, కంపెనీలు ఖాళీ చేసేదే రాక్‌లు కదా, ఆర్730 తీస్కపోండి, రెండు సీపీయూలు, ర్యామ్ ఫుల్లు పెట్టిస్త" అన్నడు. ఆయన మాట నిజమే. డేటా సెంటర్‌ల ప్రతి యూకి లెక్క ఉంటది, ఒక యూ అంటే 1.75 ఇంచులు, 42 యూ ర్యాక్‌ల ఎన్ని మెషీన్లు పడితే అంత లాభం, కాబట్టి వాళ్లు కొనేది రాక్‌లే, నాలుగైదేండ్లకి మార్కెట్‌ల వచ్చి పడేది కూడ రాక్‌లే. గందుకే అదే కాన్ఫిగరేషన్‌ల టవర్‌కి రేటు ఎక్కువ చెప్తరు, బేరమాడినా పెద్దగ దిగరు. ఒక్క రేటు చూసి డిసైడ్ చేస్తే రాకే గెలుస్తది, ఆ మాట దాచేది లేదు.

ఇగ సౌండ్ సంగతి. షాపుల ఆన్ చేసి చూపిస్తే పెద్దగ అనిపియ్యది, ఎందుకంటే ఆడ ఏసీలు, జనాలు, పక్క షాపుల డ్రిల్లింగ్, అన్నీ కలిసి లొల్లి లొల్లి ఉంటది. 1యూ డబ్బా ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు కూడ ఉండదు, కాబట్టి దాంట్ల 40 ఎంఎం ఫ్యాన్లే పడతయి, చిన్న ఫ్యాన్ పెద్ద ఫ్యాన్ అంత గాలి తోలాలంటే కొన్ని రెట్లు స్పీడ్‌గ తిరగాలె, నిమిషానికి పది వేల రౌండ్లు దాటుడు వాటికి మామూలే. ఆ సౌండ్ గుయ్యిమని కాదు, సన్నగ కీ...మని చెవుల గుచ్చినట్టు వస్తది, తలుపు ఏసినా ఆగది. 2యూల ఫ్యాన్లు కొంచెం పెద్దయి, ఆర్730 ఊరికె ఉన్నప్పుడు ఫర్వాలేదు, కానీ దాంట్ల వేరే కంపెనీ పీసీఐ కార్డు, అంటే ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డో 10జీ నెట్‌వర్క్ కార్డో పెట్టిండ్రనుకోండి, దాని టెంపరేచర్ ఐడ్రాక్‌కి తెల్వదు కాబట్టి ఎందుకైనా మంచిదని ఫ్యాన్లు ఒక్కసారి లేపుతది. ఐపీఎమ్ఐ (సర్వర్‌ని దూరం నుంచి కంట్రోల్ చేసే పద్ధతి) కమాండ్‌తోని ఆ ఫీచర్ బంద్ చెయ్యొచ్చు, ఫ్యాన్ స్పీడ్ మనమే పెట్టొచ్చు, 13వ జనరేషన్‌ల అది పనిచేస్తది. 14వ జనరేషన్ ఐడ్రాక్ 9 కొనేటోళ్లు మాత్రం ఫర్మ్‌వేర్ వెర్షన్ చూసుకోండి, కొత్త వెర్షన్లల మాన్యువల్ ఫ్యాన్ కంట్రోల్ తీసేసిండ్రు.

మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, సర్వర్ పెట్టేది నేను పండుకునే రూమ్‌లనే. "హాల్ సజ్జ మీద పెట్టురా, ఎవరికీ అడ్డం ఉండది" అన్నది అమ్మ, కానీ వేడి గాలంతా పైకే చేరతది, సజ్జ మీద దుమ్ము వేరే, పైగా డిస్కులు నింపిన 2యూ సర్వర్ 30 కిలోలు దాటుతది, దాన్ని స్టూల్ ఎక్కి పైన పెట్టుడు నాతోని కాదు. వాష్ ఏరియా అంటే తడి. కాబట్టి బీరువా పక్కన మూలకే ఫిక్స్.

రాక్ కొంటే సర్వర్ ఒక్కటే కొంటే సరిపోదు, అది లెక్కల వెయ్యరు చానామంది. ఆర్730 పొడవు 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటది, మనకి దొరికే గోడకి కొట్టే నెట్‌వర్క్ ర్యాక్‌లు 450, 600 ఎంఎం లోతు, అవి స్విచ్‌లకి చేసినయి, సర్వర్ వాటిల కూసోది. నేల మీద పెట్టే 1000 ఎంఎం లోతు ర్యాక్ కావాలె, అంటే ఒక బీరువా జాగ. మళ్ల సర్వర్‌ని ర్యాక్‌ల నిలబెట్టే రెయిల్స్ వేరే, షాపుల సర్వర్ అమ్ముతరు గని రెయిల్స్ అడిగితే చూద్దాం సార్ అంటరు, మోడల్‌కి మోడల్‌కి రెయిల్ మారుతది. ల్యాక్ రాక్ (ఐకియా టేబుల్‌ని ర్యాక్ లెక్క వాడుడు) గురించి కూడ అడుగుతరు కదా, ఐకియా ల్యాక్ టేబుల్ కాళ్ల మధ్య సందు సరిగ్గ 19 ఇంచుల సామాన్‌కి సరిపోతది, మనకైతే ఐకియా హైటెక్ సిటీలనే ఉంది, 2018ల ఇండియాల ఫస్ట్ స్టోర్ మనదే. కానీ ఆ టేబుల్ 55 సెంటీమీటర్లే, కాళ్లు లోపట బోలు, సర్వర్ ఎక్కిస్తే వెనక పావు వంతు గాల్ల ఏలాడతది. నా స్విచ్‌కీ ప్యాచ్ ప్యానెల్‌కీ మాత్రం బ్రహ్మాండంగ సెట్ అయింది, దాన్ని అట్లనే ఉంచుకున్న.

కరెంట్ లెక్క. షాపుకి ప్లగ్ మీటర్ పట్టుకపోయిన, ఆర్730 రెండు సీపీయూలతోని ఏ పనీ లేకుండ 140 వాట్ల దగ్గర తాగింది, ఒక్క సీపీయూ ఉన్న టీ430 75. 24 గంటలు నడిస్తే నెలకి 100 యూనిట్లు ఒకటి, 54 యూనిట్లు ఇంకోటి. ఎండాకాలం ఏసీతోని మా ఇల్లు 300 దాటుతది, ఆ స్లాబ్‌ల యూనిట్ 9 రూపాయలు, అంటే నెలకి 400 పైచిలుకు తేడా. న్యాయంగ మాట్లాడాలంటే ఇది రాక్‌దేం కాదు, రెండో సీపీయూది, అది పీకేస్తే ఆర్730 కూడ బానే తగ్గుతది. కాకపోతే రెండో సీపీయూ తీస్తే దాని కింద ఉండే ర్యామ్ స్లాట్లు, కొన్ని పీసీఐ స్లాట్లు కూడ పనిచెయ్యవు, అది గుర్తు పెట్టుకోండి.

మే నెల గురించి నాకు ఇంకా కొంచెం టెన్షనే. డెల్ స్పెసిఫికేషన్ల మామూలుగ రాసేది 10 నుంచి 35 డిగ్రీలు, హైదరాబాద్ల బయట 40 దాటిన రోజు ఏసీ లేని రూమ్ ఆ లిమిట్ మీదనే ఉంటది. టవర్‌ల పెద్ద ఫ్యాన్ ఉంటది కాబట్టి స్పీడ్ పెరిగినా భరించేటట్టు ఉంటది, గాలి ముందు నుంచి ఎనకకి పోతది కాబట్టి గోడకి ఆనియ్యకుండ ఒక జానెడు వదిలిన. ముందర సన్న జాలీ కట్టిన, మా ఎనక అపార్ట్‌మెంట్ కడుతున్నరు, రెండు వారాలకోసారి జాలీ కడిగితే నీళ్లు సిమెంట్ రంగుల పోతున్నయి.

ఇవన్నీ చూసి టీ430నే తెచ్చిన, దాని సెట్టింగ్ పని సగానికన్న ఎక్కువే అయింది. రెయిడ్ కార్డు (డిస్కుల్ని కలిపి ఒకటి లెక్క చూపించే కార్డు) హెచ్730, దాన్ని హెచ్‌బీఏ మోడ్‌ల పెట్టి రీబూట్ చేస్తే డిస్కులు నేరుగ కనిపించినయి, నేను వాడే జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌కి అట్లనే ఉండాలె, రెండు రెండు డిస్కులు మిర్రర్ (ఒకదాంట్ల ఉన్నదే ఇంకోదాంట్ల కూడ) చేసిన. అంతకుముందు జనరేషన్ హెచ్710 అయితే ఫర్మ్‌వేర్ మార్చే తంటా ఉంటది, కొనేటప్పుడే ఏ కార్డు ఉందో అడగండి. ఐడ్రాక్ లైసెన్స్ కూడ షాపులనే చూడండి, ఎంటర్‌ప్రైజ్ లేకుంటే రిమోట్ కన్సోల్ రాదు, అది లేకుంటే ఇంత కథ పడి సర్వర్ ఎందుకు కొన్నట్టు. ఇంకొకటి, చిన్న టవర్లు చవకగ కనిపిస్తయి, జియాన్ ఈ3 ఉన్నయి, వాటికి రిజిస్టర్డ్ ర్యామ్ ఎక్కదు, అన్‌బఫర్డ్ ఈసీసీనే కావాలె, అది సెకండ్ హ్యాండ్‌ల దొరకాలంటే చుక్కలు కనిపిస్తయి. రిజిస్టర్డ్ అయితే సీటీసీల కావల్సినంత.

పవర్ కేబుల్ చిన్న విషయమే గని చెప్త: డేటా సెంటర్‌కెళ్లి వచ్చిన వాటితోని పీడీయూ (ర్యాక్‌ల ఉండే పవర్ స్ట్రిప్)కి పెట్టే కేబుల్ ఇస్తరు, ఒక దిక్కు సీ13, ఇంకో దిక్కు దాని జోడి సీ14, మన గోడ సాకెట్‌ల పట్టది. మామూలు డెస్క్‌టాప్ కేబుల్ పెట్టుకోండి. 16 ఆంపియర్ పాయింట్ కొట్టియ్యాల్నా అని అడిగిండు మా బావ, 750 వాట్ల సప్లై ఫుల్‌గ తాగినా 230 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు కూడ దాటది, మామూలు పాయింటే చాలు.

కరెంట్ పోతే సంగతి ఇంకా తేలలే. ఇంట్ల ఇన్వర్టర్ ఉంది, సైన్ వేవ్‌దే, ఎనక స్విచ్ యూపీఎస్ మోడ్‌ల ఉంటేనే మార్పిడి తొందరగ అయితది, నార్మల్ మోడ్‌ల ఉంటే సర్వర్ రీస్టార్ట్ అయ్యే ఛాన్స్ ఉంది. కానీ ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోవస్తుందని సర్వర్‌కి చెప్పదు, కాబట్టి యూఎస్‌బీ పోర్ట్ ఉన్న చిన్న సైన్ వేవ్ యూపీఎస్ ఒకటి మధ్యల పెట్టి నట్ (యూపీఎస్‌ని గమనించే) సాఫ్ట్‌వేర్‌తోని వీఎంలు (వర్చువల్ మెషీన్లు) వాటంతటవే షట్‌డౌన్ అయ్యేటట్టు చెయ్యాలె. యూపీఎస్ చూస్తున్న. ర్యామ్ ఇప్పుడు 64 ఉంది, ఇంకో నాలుగు 16 జీబీ స్టిక్కులు సీటీసీ అన్నకి చెప్పి పెట్టిన, వస్తే ఫోన్ చేస్త అన్నడు, అవి రాంగనే మెమ్‌టెస్ట్ (ర్యామ్ బాగుందా చూసే టెస్ట్) ఒక రాత్రంతా నడిపించి అప్పుడు కుబర్నెటీస్ నోడ్లు ఇటు మారుస్త.