మాస్టారు వెనకబడ్డ ఆదివారం

జనవరి 11, ఆదివారం. పర్లాకిమిడి, ఒడిశా.

నాలుగున్నరకే మెలకువ వచ్చింది. రాత్రి పన్నెండు దాటేదాకా మిషను మీదే ఉన్నాను. భోగి బుధవారం. ఇంకా పద్నాలుగు జాకెట్లకి హుక్కులు కుట్టాలి, రెండు లంగాలకి అంచులు వెయ్యాలి. "ఈ ఒక్క వారం మానెయ్యకూడదా" అని మా ఆయన దుప్పట్లోంచే అడిగారు. మానితే రోజంతా ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది నాకు. చోడి అంబలి అర గ్లాసు తాగి, బూట్ల తాళ్ళు కట్టుకుని బయటపడ్డాను. ఈ బూట్లు రెండేళ్ళ కిందట మా అమ్మాయి విశాఖపట్నంలో కొనిచ్చింది. వీటితో ఎన్ని కిలోమీటర్లు తిరిగానో లెక్క రాసి పెట్టుకోలేదు కానీ, ఎడమ మడమ దగ్గర అరిగిన తీరు చూస్తే తెలుస్తుంది.

సీతాసాగరం చెరువు గట్టు మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, దగ్గరికి వెళ్ళేదాకా ఎవరు వచ్చారో తెలియలేదు. దగ్గు విని కంపౌండర్ గారిని గుర్తుపట్టాను. ననా అప్పటికే చేతులు తిప్పుతూ ఒళ్ళు వేడి చేసుకుంటున్నాడు. అతను ఒడియా మనిషి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, 66 ఏళ్ళు. మా వైపు ఒడియాలో అన్నయ్యని ననా అంటారు. మొదట్లో మా ఇంట్లో పిల్లలకి అది నాన్నా అన్నట్టే వినిపించేది. ఇప్పుడు మా అందరికీ అతను ననాయే. అంగన్‌వాడీలో పని చేసే దీదీ 52 ఏళ్ళ మనిషి, నన్ను అపా అంటుంది, అక్కా అని. ఆంధ్రా వైపున్న పాతపట్నం తమ్ముడూ వాళ్ళావిడా అటు నుంచి బయల్దేరి రాష్ట్రాల సరిహద్దు దగ్గర మాకు ఎదురొస్తారు. మాస్టారితో కలిపితే ఏడుగురం. నాకు 59.

మాస్టారికి 71. ముప్పై ఏళ్ళకి పైగా తెలుగు పాఠం చెప్పిన మనిషి. మమ్మల్నందరినీ ఈ పరుగులోకి దించింది ఆయనే. మూడేళ్ళ కిందట విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ వాళ్ళు పెట్టే మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకి మేమంతా వెళ్తే, మాలో అందరికంటే ముందు గీత దాటింది ఆయనే. గంటా రెండు నిమిషాలు. ఆ వేళ ఆయన గుండె మీద నంబరు కాగితానికి పిన్నీసులు పెట్టింది నేనే. అప్పటి నుంచి ఎక్కడ పరుగున్నా అందరి పిన్నీసులూ నా సంచిలోనే ఉంటాయి.

ఈ దారి మాకు కంఠతా వచ్చు. ఊళ్ళోంచి పాతపట్నం, నీలమణి దుర్గమ్మ గుడి దాకా వెళ్ళి తిరిగి రావడం. కాసేపు ఒడియా బోర్డులు, ఆ తర్వాత తెలుగు బోర్డులు. మంచులో అవేవీ కనబడలేదు. కళ్ళాల్లో వేసిన వరిగడ్డి వాసన, ఎక్కడో పాలు కాస్తున్న పొగ. ఎవరూ మాట్లాడలేదు, మొదటి కిలోమీటరు ఎప్పుడూ అంతే. కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఒప్పుకోవాలి. ఈ వయసులో మొదటి పది నిమిషాలు నడకకి కొంచెం ఎక్కువ, పరుగుకి కొంచెం తక్కువగా వెళ్ళాలని మాకు తెలిసింది ఒకసారి పిక్క పట్టేశాకే. పడుచువాళ్ళకి రెండు రోజుల్లో తగ్గే నొప్పి మాకు రెండు వారాలు ఉంటుంది.

రెండో కిలోమీటరు దగ్గర వెనక్కి చూస్తే మాస్టారు లేరు.

ఎప్పుడూ ముందు వినబడే అడుగుల చప్పుడు ఆయనది. దీపావళి నుంచి కాస్త కాస్తగా నెమ్మదిస్తున్నారని అందరికీ తెలుసు. అయినా అందరి కంటే వెనక, మంచులో కనబడనంత వెనక పడటం ఇదే మొదటిసారి. ననా కూడా వెనక్కి చూశాడు. చూసి, వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. ఆ తాడు ఊడిపోలేదు, నేను చూశాను. కంపౌండర్ గారు ఏమీ అనకుండా మెల్లగా ముందుకు సాగారు. నేనేం చెయ్యాలో తెలియలేదు. ఆగితే ఆయనకి బాధ. వెళ్ళిపోతే నాకు బాధ.

నాకు నవంబరులో కొండ పరుగు గుర్తొచ్చింది. మహేంద్రగిరి వైపు, కొండ కింది ఊరి కుర్రాళ్ళు పెట్టారు. ఆరు కిలోమీటర్లు ఎక్కి, ఆరు దిగడం. శిఖరం 1,501 మీటర్లు, అంత పైకి మేం వెళ్ళలేదు. నంబర్లు గుడ్డ ముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాశారు, టైము లెక్కపెట్టే చిప్పులూ గడియారాలూ ఏమీ లేవు. జీలుగు చెట్ల మధ్య నుంచి దారి. పక్కనే సవర గిరిజన ఆడపిల్లలు ఒట్టి కాళ్ళతో నన్ను దాటి వెళ్ళిపోయారు, మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ. ఎక్కడం నేను నడిచే ఎక్కాను. కొండ మీద చిన్న అడుగులు వేస్తూ నడవడం తప్పేమీ కాదు, నిటారు చోట పరిగెత్తేవాళ్ళకీ నడిచేవాళ్ళకీ తేడా పెద్దగా ఉండదు. నన్ను దెబ్బ తీసింది దిగుడు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి. నాలుగు కిలోమీటర్లు మిగిలి ఉండగా కాళ్ళు వణకడం మొదలెట్టాయి. వెనక ఎవరూ లేరు. అందరికంటే ఆఖరు నేనే.

అప్పుడు కింది నుంచి ఎదురుగా ఎవరో ఎక్కి వస్తున్నారు. మాస్టారు. ఆయన దిగడం ముగించి, అంబలి తాగి, మళ్ళీ నాలుగు కిలోమీటర్లు కొండెక్కి వచ్చారు నా కోసం.

"ఎందుకండీ మాస్టారూ, ఈ వయసులో మళ్ళీ ఎక్కారు" అంటే, "బళ్ళో కూడా అంతేనమ్మా. ఆఖరి బెంచీ దాకా నడిచి వెళ్ళి చెప్తేనే పాఠం అయినట్టు" అన్నారు. దారంతా ఎక్కడ కాలు వెయ్యాలో చూపిస్తూ దించారు. గీత దగ్గర నన్ను ముందు దాటనిచ్చి తను పక్కకి తప్పుకున్నారు. ఆ తర్వాత రెండో రోజు నేను మిషను తొక్కలేకపోయాను, మెట్లు వెనక్కి తిరిగి దిగాను. ఆ నొప్పి ఎప్పుడో పోయింది. ఆ దిగుడు మాత్రం ఒంట్లో అలాగే ఉంది.

అది తలుచుకున్నాక ఆగడానికి ఇంక ఆలోచించలేదు. వెనక్కి వెళ్ళలేదు, మెల్లగా నడిచాను. మంచులోంచి మాస్టారు వచ్చారు, మంకీ క్యాప్ చేతిలో పట్టుకుని.

"నువ్వు వెళ్ళమ్మా. నేను వస్తాను."

"వెళ్తాను గానీ మాస్టారూ, గిడుగు వారి కథ మొన్న సగంలో ఆపేశారు కదా. అది చెప్పండి" అన్నాను.

అది నేను ముందే అనుకున్న మాట కాదు, నోటికి వచ్చేసింది. ఆయన నా మొహం ఒక్క క్షణం చూశారు. అర్థమైందనుకుంటాను. కాదనలేదు. మెల్లగా పరుగు మొదలుపెట్టి, చెప్పడం మొదలుపెట్టారు. 1880లో రామమూర్తి పంతులు గారు రాజా వారి బడిలో పంతులుగా ఈ ఊరు రావడం, సవరల భాష నేర్చుకోవడం, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టడం. ఒక్కో వాక్యానికి ఒక్కో ఊపిరి. వాక్యం పొడుగైతే మా అడుగు దానంతటదే తగ్గేది. పరిగెత్తేటప్పుడు మాట్లాడగలిగేంత వేగంలో ఉండమని ఎప్పుడూ మాకు చెప్పింది ఆయనే. ఈ రోజు ఆ వేగం ఆయన మాట నుంచే దొరికింది. నవంబరులో నన్ను దాటి వెళ్ళిన ఆ సవర పిల్లల మాటలు ఒక్కటీ నాకు అర్థం కాలేదు. వాళ్ళ భాష కోసం ఒక మనిషి ఇదే ఊళ్ళో ఉండి అన్నేళ్ళు ఖర్చు పెట్టాడని వింటుంటే ఒళ్ళు వేరేగా వేడెక్కింది.

సరిహద్దు దగ్గర పాతపట్నం తమ్ముడూ మరదలూ నిలబడి ఉన్నారు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మాస్టారు 1936 దగ్గరికి వచ్చారు. ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యింది, పర్లాకిమిడి అటు వెళ్ళింది, పంతులు గారు ఇన్నేళ్ళ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. "మనం వారానికోసారి పరిగెత్తి దాటుతున్న గీత ఇదే" అన్నారు మాస్టారు. ననా పక్కనే నిలబడి విన్నాడు. అతనికి తెలుగు బాగా వచ్చు. "మాస్టారూ, మీరు దాటొచ్చు, మేమూ దాటొచ్చు. ఇప్పుడు పరిగెడదాం పదండి" అన్నాడు. ఇద్దరి మొహాల్లోనూ ఉన్న ప్రేమ నేను చూశాను.

అక్కడి నుంచి మా వరస మారింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, కానీ మాస్టారు ముందు, మేం వెనక. ఆయన అడుగే మా అందరి అడుగు. ఆయన వెనక వెళ్తుంటే, ఇంత నెమ్మదిగా వెళ్ళినా ఆ కాలు పడే తీరు ఎంత తేలిగ్గా ఉందో కనబడింది. మడమ చప్పుడు చెయ్యదు, భుజాలు వదులుగా ఉంటాయి. అదంతా అలాగే ఉంది. తగ్గింది వేగం ఒక్కటే.

గుడి దగ్గర దండం పెట్టుకుని, టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. కంపౌండర్ గారు మాస్టారి పక్కన కూర్చుని, ఛాతీలో పట్టేసినట్టు ఉందా, ఆయాసం రాత్రి పడుకున్నా ఉంటోందా, కాళ్ళు వాస్తున్నాయా అని మెల్లగా అన్నీ అడిగారు. ఏవీ లేవన్నారు మాస్టారు. "ఏడాదికేడాది తగ్గితే వయసు. రెండు మూడు నెలల్లో ఇంత తగ్గితే మాత్రం డాక్టర్ని చూడాలి మాస్టారూ" అని, పండగ వెళ్ళిన మర్నాడే ఈసీజీకి తనే తీసుకెళ్తానని ఖాయం చేశారు. గుండె ఎంత వేగంగా కొట్టుకోగలదో సుమారు లెక్క ఒకటి ఉందట, 220 లోంచి వయసు తీసెయ్యడం. మాస్టారికి 149, నాకు 161. అందరికీ అది సరిగ్గా కుదరదు, కానీ ఏడాదికి ఇంత అని తగ్గుతూ పోవడం మాత్రం నిజమేనట. బండికి ఇంజను చిన్నదవుతున్నట్టే. ఆ మాట డ్రైవరు కాబట్టి ననాకి వెంటనే ఎక్కింది.

ఆ తర్వాత మాట ఫౌజా సింగ్ మీదికి మళ్ళింది. 89వ ఏట మారథాన్ మొదలుపెట్టి, 2011లో టొరంటోలో నూరేళ్ళ వయసున 42 కిలోమీటర్లు పూర్తి చేసిన మనిషి. ఎనిమిది గంటలకి పైగా పట్టింది. 2025 జూలైలో రోడ్డు దాటుతుంటే బండి గుద్ది పోయారు. ఆ వార్త వచ్చిన రోజు మా దీదీ ఏడ్చింది. ఈ రోజు కూడా ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎనిమిది గంటలు రోడ్డు మీద ఉండటం అంటే ఏమిటో, రెండు గంటలు పరిగెత్తేవాళ్ళకంటే మాకే బాగా తెలుసు.

అంతలో రైలు కూత వినిపించింది. ననా ఊరుకోలేదు. చిన్నప్పుడు ఈ లైను మీద నడిచే చిన్న రైలు కథ మళ్ళీ చెప్పాడు. 1900లో రాజా వారు వేయించిన నౌపడా లైను, పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. ఎగువలో అది మెల్లగా మూలుగుతూ వెళ్తుంటే పిల్లలు పక్కనే పరిగెత్తి దాన్ని దాటేవాళ్ళట. అతని మొదటి పోటీ అదే. 2011లో పెద్ద లైను అయ్యాక ఇంక ఏ పిల్లాడూ రైలుని దాటలేడు. ఈ కథ నేను ఇరవైసార్లు విన్నాను. ప్రతిసారీ అతని చెయ్యి రైలుని చూపిస్తూ కుడివైపే వెళ్తుంది. నాకు అదంటే ఇష్టం.

తిరుగు ప్రయాణం ఎండలో. మంచు విడిపోయాక పొలాల అంచున, చాలా దూరంలో కొండలు నీలంగా కనబడ్డాయి. మా మహేంద్రతనయ ఆ కొండల్లోంచే వస్తుంది. మాస్టారు ఒక చోట ఆగి అటు చూసి, "మళ్ళీ ఏడాది ఎక్కగలనో లేదో" అన్నారు. ఎవరం ఎక్కుతారనీ అనలేదు, వద్దనీ అనలేదు. దీదీ నీళ్ళ సీసా అందించింది. ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. మామూలుగా కంటే ముప్పావుగంట ఆలస్యం.

పగలంతా మిషనే. పదకొండు జాకెట్లు అయ్యాయి. ముగ్గుల పిల్లలు వీధిలో చుక్కలు లెక్కపెడుతుంటే ఆ అరుపులు కిటికీలోంచి వినబడుతూనే ఉన్నాయి. తొడలు కొంచెం బరువుగా ఉన్నాయి, తొక్కుడుకి అదే మంచిది. మా ఆయన టీ పెట్టి ఇచ్చి, మాస్టారు ఎలా ఉన్నారని అడిగారు. ఊళ్ళో అప్పుడే తెలిసిపోయింది.

సాయంత్రం ఏడింటికి మాస్టారు ఫోను చేశారు. ఫిబ్రవరిలో పాతపట్నం వైపు జరగబోయే పరుగుకి పేర్లు రాస్తున్నావా అని. రాస్తున్నానన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాది పది కాదమ్మా, ఐదు రాయి. డాక్టరు సరే అంటేనే సుమా. డెబ్భై దాటినవాళ్ళకి వేరే వరస ఉందేమో కనుక్కో" అన్నారు.

"ఉంటే అందులో రాస్తాను, లేకపోతే అందరితో రాస్తాను మాస్టారూ. నాది కూడా ఐదే" అన్నాను.

"నీకెందుకు ఐదు? నువ్వు పది పరిగెత్తగలవు."

"గిడుగు వారి కథ ఇంకా అవ్వలేదు కదండీ."

ఆయన ఫోనులో నవ్విన చప్పుడు వినిపించింది.

పేర్లు కాగితం మీద రాశాను. తర్వాత మిషను సొరుగులోంచి పిన్నీసుల డబ్బా తీశాను. ఒక్కొక్కరికి నాలుగు, ఏడుగురికి ఇరవై ఎనిమిది. రెండు తుప్పు పట్టాయి, తీసేసి కొత్తవి వేశాను.