స్టీవార్ట్–గీ ప్రయోగం: రీడింగులు కుదిరేదాకా

స్టీవార్ట్–గీ ప్రయోగంలో ఫార్ములాతో ఇబ్బందేమీ లేదు. కరెంటు పారే కాయిల్ అక్షం వెంబడి అయస్కాంత క్షేత్రం దూరంతో ఎలా తగ్గుతుందో చూడాలి, అంతే. తిప్పలు పెట్టేది సెట్టింగే.

ముందు బల్ల మీది ఫోన్లు, పక్కనున్న ఇనప స్టూలు దూరం జరిపాను. అమ్మీటర్‌ని కూడా వైరు అందినంత దూరంలో పెట్టాను; దాని లోపలి అయస్కాంతం కంపాస్‌లోని అయస్కాంతాన్ని లాగేస్తుంది. తర్వాత బెంచీ (మధ్యలో కాయిల్, రెండు వైపులా కంపాస్ జరిపే స్కేలు చేతులు ఉన్న చట్రం) మొత్తాన్ని తిప్పి, కాయిల్ తలాన్ని కంపాస్‌లోని చిన్న అయస్కాంతానికి సమాంతరంగా నిలిపాను. అప్పుడు బెంచీ చేతులు తూర్పు పడమరలకు వస్తాయి. ఆ తర్వాతే కంపాస్ పెట్టెను తిప్పి, అయస్కాంతానికి అడ్డంగా బిగించిన అల్యూమినియం ముల్లును 0–0 మీదికి తేవాలి.

కమ్యుటేటర్‌లో (కరెంటు దిశ మార్చే స్విచ్చు) ఎదురెదురు మూలలకు బ్యాటరీ, రియోస్టాట్ (కరెంటు పెంచి తగ్గించేది), అమ్మీటర్, ప్లగ్ కీ. మిగతా రెండు మూలలకు కాయిల్ ఒక్కటే. అమ్మీటర్‌ని కాయిల్ వైపు కలిపితే, కరెంటు దిశ మార్చగానే దాని ముల్లు సున్నాకి అవతల కొట్టుకుంటుంది.

50 చుట్లు, 10 సెం.మీ. వ్యాసార్ధం, 0.2 ఆంపియర్లు. భూక్షేత్రపు క్షితిజ సమాంతర భాగాన్ని 0.38×10⁻⁴ టెస్లాగా తీసుకుంటే ముల్లు కాయిల్ మధ్యలో సుమారు 59 డిగ్రీలు, 10 సెం.మీ. దూరంలో 30 డిగ్రీలు తిరగాలి. ఈ లెక్క ముందే వేసి పెట్టుకున్నాను. కరెంటు ఇంకా పెంచితే లాభం లేదు: ఒక డిగ్రీ తేడా 45 దగ్గర క్షేత్రాన్ని మూడున్నర శాతమే మారుస్తుంది, 80 దగ్గర పది శాతం మారుస్తుంది. 8 డిగ్రీల దగ్గరైతే ఇంకా ఘోరం, అందుకే 20 సెం.మీ. దాటాక వచ్చే రీడింగుల్ని నేను పెద్దగా నమ్మను.

కాయిల్ మధ్యలో కంపాస్ పెట్టి కరెంటు దిశ మార్చి చూస్తే 61, 57 వచ్చాయనుకోండి, కాయిల్ సుమారు మూడు డిగ్రీలు పక్కకి తిరిగి ఉందన్నమాట. సగటు ఎలాగూ 59కే వస్తుంది గానీ, బెంచీని కాస్త జరిపి సరిచేసుకోవడమే మేలు. తూర్పున 10 సెం.మీ. దగ్గర 32, పడమర 28 వస్తే మాత్రం తప్పు వేరు: స్కేలు సున్నా కాయిల్ కేంద్రానికి అర సెం.మీ. అటో ఇటో ఉంది. ఇది మధ్యలో వెతికితే దొరకదు, అక్కడ దూరానికీ క్షేత్రానికీ గీసే గ్రాఫు దాదాపు చదునుగా ఉంటుంది.

ఒక్కో దూరానికి ముల్లు రెండు కొనలూ, కరెంటు రెండు దిశలూ, బెంచీ రెండు వైపులూ కలిపి ఎనిమిది రీడింగులు. ముల్లు కింది అద్దంలో ప్రతిబింబం కనబడకుండా పోయాకే చదవాలి. కాయిల్ వేడెక్కితే కరెంటు జారుతుంది, ప్రతిసారీ అమ్మీటర్ చూసి రియోస్టాట్‌తో 0.2కి తెచ్చాను. కోణపు టాన్‌ని భూక్షేత్రంతో గుణిస్తే కాయిల్ క్షేత్రం వస్తుంది, కాబట్టి ముందు కాలిక్యులేటర్‌ని చూసుకోవాలి: టాన్ 45 కొడితే 1 రావాలి; రాకపోతే అది రేడియన్లలో ఉంది.

గ్రాఫులో వంపు మారే రెండు చోట్ల మధ్య దూరం కాయిల్ వ్యాసార్ధంతో సమానం కావాలి. అవి కేంద్రానికి రెండు వైపులా 5 సెం.మీ. దగ్గర వస్తాయి కాబట్టి, 3 నుంచి 7 వరకు ఒక్కో సెంటీమీటరుకి రీడింగ్ తీశాను. మిగతా చోట రెండేసి సెంటీమీటర్లకి ఒకటి చాలు.