నాన్న పేరు మీదున్న ఇల్లు మా పేర్ల మీదకి: ఎనిమిది నెలల నా అనుభవం

నిన్న సాయంత్రం కొత్త పట్టా చేతికొచ్చింది. అమ్మ పేరు, తమ్ముడి పేరు, నా పేరు మూడూ ఉన్నాయి. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. ఇంకా కడుపు మండుతూనే ఉంది, అందుకే చల్లారకముందే రాసేస్తున్నాను. సరిహద్దుకి ఒడిశా వైపు సొంత ఇల్లున్న తెలుగువాళ్ళు తప్పకుండా చదవండి.

మాది గజపతి జిల్లా. పెళ్ళిళ్ళూ పేరంటాలూ శ్రీకాకుళం జిల్లాతో, కాగితాలు మాత్రం ఒడియాలో. నాన్న రిటైర్డ్ టీచరు. ఆయన పోయాక డెత్ సర్టిఫికెట్ వారంలో వచ్చింది. బ్యాంకులో నామినీ అమ్మే కాబట్టి ఆ పనీ తేలిగ్గానే అయింది. ఫ్యామిలీ పెన్షన్‌కి రెండుసార్లు తిరిగాం, అంతే.

ఇంటి దగ్గరే ఆగిపోయాం.

నాన్న బీరువాలో ఒక కాగితం ఉంది. "ఇల్లు మీ అమ్మది. ఆమె తర్వాత మీ ఇద్దరికీ సమానం" అని తెలుగులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టారు. సాక్షుల సంతకాలు లేవు. వకీలు ఒక్క చూపు చూసి వెనక్కిచ్చేశారు. విల్లుకి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, తెల్లకాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది. కానీ ఇద్దరు సాక్షులు సంతకం పెట్టి తీరాలి. 1925 నాటి వారసత్వ చట్టంలోని 63వ సెక్షన్ అది. జీవితమంతా పిల్లలకి పరీక్ష కాగితాలు దిద్దిన మనిషి, పక్కింటివాళ్ళని ఇద్దరిని పిలిచి సంతకం పెట్టించి ఉంటే చాలు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ కాగితాన్ని మాత్రం చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

విల్లు లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన వాటా. నాయనమ్మ బతికుంటే ఆవిడకీ ఒక వాటా వచ్చేది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మా పెదనాన్న తన వాటా తాను ఎప్పుడో తీసుకున్నారు. అయినా పన్నెండో రోజునే, "ఆడపిల్లవి, నీకెందుకమ్మా, సంతకం పెట్టేయ్" అన్నారు. ఆడపిల్లలకి హక్కు 2005 లో వచ్చిందనీ, అది పాత ఆస్తులకి వర్తించదనీ లెక్కలు చెప్పారు. అది తప్పు. తండ్రి విల్లు రాయకుండా పోతే ఆయన ఆస్తిలో కూతురికి వాటా 1956 నుంచే ఉంది. 2005 లో వచ్చింది ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు. కుటుంబం ఉంటున్న ఇంటిని పంచమని కూతురు అడగకూడదన్న అడ్డు కూడా అప్పుడే పోయింది. నేను వాటా తీసుకున్నాను, తమ్ముడూ "అలాగే కానీ అక్కా" అన్నాడు. అన్నదమ్ముల మీద ప్రేమ ఉంటే వాటా వదులుకోవాలనే మాట ఎవరు పుట్టించారో గానీ, వదులుకున్న అక్కాచెల్లెళ్ళు పుట్టింటికి చుట్టాల్లా వచ్చి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

ఇక అసలు సంగతి. పోయినవాళ్ళకి వారసులెవరో చెప్పే లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఆఫీసులో ఇస్తారు. ఏ ఆఫీసో రాయను. దరఖాస్తు నేనే ఒడియాలో నా చేత్తో రాశాను. నేను ఒడియా మీడియంలో చదివాను, నా అక్షరాలు చూసి ఆ వరండాలో దస్తావేజులు రాసే పెద్దాయనే మెచ్చుకున్నాడు. ఆ ధైర్యంతోనే అమ్మని కూడా తీసుకెళ్ళాను. నాన్న పోయి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు.

కౌంటర్ గుమస్తా పట్టా నకలు, డెత్ సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టాడు. పట్టాలో నాన్న పేరు, చివర రావు. ఇంటిపేరు లేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం. డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ముందు. తమ్ముడికి స్కూల్లో ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర రాశారు. నాది పెళ్ళయ్యాక మావారి ఇంటిపేరు. ఒడియావాళ్ళకి ఇంటిపేరు చివర ఉంటుంది, మనకి ముందు. అతను రావు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. "ఈయన ఇంటిపేరు రావు. కొడుకుది ఇంకోటి. కూతురిది మరోటి. మీరు ఈయనకి ఎలా వారసులు?" అన్నాడు. మా తెలుగువాళ్ళలో రావు ఇంటిపేరు కాదని చెప్పబోయాను. అతను గొంతు పెంచి, లైనంతా వినేలా, "ముందు మీ నాన్న ఎవరో తేల్చుకుని రండి" అన్నాడు. వెనక ఇద్దరు నవ్వారు.

అమ్మకి ఒడియా అంతగా రాదు. ఆ మాట మాత్రం అర్థమైంది. నలభై ఆరేళ్ళ కాపురంలో అమ్మ నోట నాన్న పేరు నేను వినలేదు. రేషన్ కార్డు దగ్గరైనా, ఆసుపత్రిలోనైనా "మీ ఆయన పేరేంటమ్మా" అని అడిగితే మా వైపు చూసేది, మేం చెప్పేవాళ్ళం. ఆ రోజు నన్ను పక్కకి జరిపి, కౌంటర్ చెక్క మీద చెయ్యి వేసి, ఇంటిపేరుతో సహా నాన్న పేరు గట్టిగా చెప్పింది. రెండుసార్లు చెప్పింది. "ఆయనే నా పెనిమిటి" అంది. గుమస్తా తలెత్తలేదు. "మాట కాదు, కాగితం కావాలి" అని ఫైలు మా వైపు తోసేశాడు.

ఆటోలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, "ఆ పేరు అలాటి సోట పలకాల్సొచ్చింది, సూసినావా" అంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

తర్వాత నాలుగుసార్లు తిరిగాను. ఒక బ్రోకరు "చాయ్‌పానీ చూసుకుంటే పేరు గొడవ ఉండదు" అన్నాడు. పైసా ఇవ్వలేదు, ఇవ్వనందుకు ఈ రోజుకీ సంతోషంగానే ఉంది. ఇల్లంతా వెతికితే అటక మీద రేకుపెట్టెలో తాతయ్య కొన్నప్పటి దస్తావేజు దొరికింది. 1934 నాటిది. అప్పటికి మన ఊళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి, ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1 న. దస్తావేజంతా తెలుగే. తాతయ్య పేరు ఇంటిపేరుతో సహా, తూర్పున వీధి, పడమట గొర్జి అంటూ హద్దులతో సహా ఉంది. తర్వాత సెటిల్మెంట్, అంటే భూముల సర్వే, వచ్చినప్పుడు కొలతలకొచ్చిన అమీను చెవికి వినబడినట్టు ఒడియాలో రాసుకున్నాడు, ఇంటిపేరు అక్కడే జారిపోయింది. పట్టాలో పేరు పక్కన పి, జా, బా అని చిన్న అక్షరాలుంటాయి. తండ్రి పేరు, కులం, ఉండే ఊరు. ఆ పి దగ్గర తాతయ్య పేరుంది. అదే మమ్మల్ని కాపాడింది.

దస్తావేజుని ఆ వరండా పెద్దాయన ఒడియాలోకి తిప్పి రాసిచ్చాడు. నాన్నవి ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ వేశాం. నాన్న పెన్షన్ కాగితాల్లో అమ్మా నాన్నా కలిసున్న ఫోటో ఉంది, అదీ జత చేశాను. ఈసారి అదే గుమస్తా నోరెత్తకుండా ముద్ర వేశాడు. ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) విచారణకి మూడుసార్లు వస్తానని రాలేదు, నాలుగోసారి వచ్చి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్ వచ్చాక పట్టాలో పేర్లు మార్చమని మ్యుటేషన్ కేసు వేశాం, అభ్యంతరాలుంటే చెప్పమనే నోటీసు, ఇస్తహార్, అతికించారు, అభ్యంతరాలు రాలేదు. పెదనాన్న ఏమైనా పెడతారేమోనని ఆ గడువు పొడుగునా టెన్షన్ పడ్డాను. పెట్టలేదు. ఆ మేరకు ఆయనకి నమస్కారం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు బతికుండగానే ఒడిశా భూముల రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో పట్టా తీసి, ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఒడియా రాకపోతే వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. మనిషి ఉండగా ఆ అఫిడవిట్ ఆయనే ఇవ్వగలడు. పోయాక ఆయన ఎవరో మనం రుజువు చేసుకోవాలి. పట్టాలో పేరు పడినంత మాత్రాన హక్కు పుట్టదనీ గుర్తుంచుకోండి, పాత దస్తావేజుని పారేయకండి. అమ్మానాన్నల చేత ముందే గిఫ్ట్ డీడ్ రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. అది రిజిస్టర్ అయ్యాక ఇల్లు వాళ్ళ చేతిలో ఉండదు. రాయాల్సే వస్తే, చూసుకోవాలనే షరతు అందులోనే పెట్టించండి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో 23వ సెక్షన్ ఉన్నది ఆ షరతు తప్పినవాళ్ళ కోసమే.

అమ్మ తన వాటాకి వచ్చే వారం విల్లు రిజిస్టర్ చేస్తుంది. సాక్షులుగా మా వీధిలో ముప్పై ఏళ్ళ లోపు ఇద్దరు కుర్రాళ్ళని అడిగాను. రేపు గొడవొస్తే కోర్టులో సాక్షి నోటితో చెప్పించాలి, ముసలివాళ్ళని పెడితే అప్పటికి ఉండాలి కదా. అమ్మ తెలివిలో ఉండే రాస్తోందని డాక్టరు చీటీ కూడా తీసుకుంటున్నాం.

నిన్న రాత్రి అమ్మ పట్టా తెమ్మంది. "నా పేరేదీ?" అంది. చూపించాను. "మీ నాన్న పేరు?" అంది. తన పేరు పక్కనే, ఇంటిపేరుతో సహా ఉంది. ఒడియా అక్షరాలు తనకి రావు కాబట్టి జిరాక్స్ కాపీ మీద, ఆ రెండు పేర్ల పైన, పెన్సిల్‌తో తెలుగులో రాసిమ్మంది. రాసిచ్చాను. దాన్ని మడిచి దేవుడి గూట్లో నాన్న కళ్ళజోడు పక్కన పెట్టుకుంది.