పాలు పడని పాపకు పాల బదులు ఏమిటి: నా అనుభవం

మాది కావలి. మా పాపకు బర్రె పాలు మొదలుపెట్టాక విరేచనంలో జిగురు, అప్పుడప్పుడు సన్నటి నెత్తుటి చారలు, బుగ్గల మీదా మోచేతి మడతల్లోనూ పొక్కులు కనిపించాయి. అది పాల ప్రోటీను పడకపోవడమేనని తేలి, పాలు మాన్పించి, వాటి బదులు ఏం పెట్టాలో కుదిరేదాకా చేసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇదే ఇబ్బందిలో ఉన్న తల్లులకు పనికొస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పిల్లకు పడనిది పాలలోని చక్కెరా, ప్రోటీనా? చక్కెర అంటే లాక్టోజ్. చిన్నపిల్లల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా విరేచనాల జబ్బు తర్వాత వస్తుంది. పేగు లోపలి పొర దెబ్బతిని, లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము కొన్నాళ్ళు తగ్గుతుంది. నీళ్ళ విరేచనాలు, పొట్ట ఉబ్బరం, పిర్రలు ఒరుసుకుని ఎర్రబడటం దాని గుర్తులు. కొన్ని వారాల్లో పేగు కోలుకుంటే సర్దుకుంటుంది, పెరుగు చాలామందికి అరుగుతుంది కూడా. అలాంటి పిల్లలకు లాక్టోజ్ లేని పొడి సరిపోతుంది. నెత్తురు, పొక్కులు, దద్దుర్లు మాత్రం లాక్టోజ్ వల్ల రావు. అవి కేసీన్, వే అనే ప్రోటీన్ల పని. లాక్టోజ్ తీసేసిన పాలపొడిలో ఆ ప్రోటీన్లు అలాగే ఉంటాయి కాబట్టి అలర్జీ ఉన్న పిల్లకు ఆ డబ్బా కొన్నా లాభం లేదు.

ప్రోటీను అలర్జీలోనూ రెండు రకాలు. పాలు తాగిన కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, పిల్లికూతలు వచ్చేది ఒకటి. ఇందులో చర్మ పరీక్ష, ఐజీఈ (అలర్జీ తెచ్చే యాంటీబాడీ) రక్త పరీక్ష సాయపడతాయి. ఈ రకం పిల్లలకు ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకూడదు. ఊపిరి ఇబ్బందైనా, పిల్ల నీరసంగా వాలిపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. గంటల తర్వాతో, ఒకటి రెండు రోజులకో పేగులోనూ చర్మం మీదా కనిపించేది రెండోది. మా పాపది ఇదే. దీన్ని ఏ రక్త పరీక్షా తేల్చదు. ఐజీజీ అనే మరో యాంటీబాడీ పరీక్షల ప్యాకేజీ చేయించుకోమని ఎవరైనా అంటే ఆ డబ్బు దాచుకోండి. పాలు పూర్తిగా ఆపి చూడటం, తగ్గాక మళ్ళీ ఇచ్చి చూడటం, ఇదే అసలు పరీక్ష.

ఆపడం రెండు నుంచి నాలుగు వారాలు. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్ ఎలాగూ మానాలి. నెయ్యిలోనూ ప్రోటీను ఆనవాళ్ళు ఉంటాయి కాబట్టి ఈ వారాల్లో అదీ వద్దు. అసలు జారేది కనిపించని పాల దగ్గర. బ్రెడ్డు, రస్కు, బిస్కెట్టు, పాలలో కలిపే చాక్లెట్ పొడి, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, చాలావాటిలో పాలపొడి ఉంటుంది. ప్యాకెట్టు వెనక ‘మిల్క్ సాలిడ్స్’, ‘వే పౌడర్’, ‘కేసినేట్’ వెతకండి. పదార్థాల జాబితా కింద ‘కంటెయిన్స్ మిల్క్’ అని విడిగా వేయాలన్నది మన దేశపు నియమం, ముందు చూపు అక్కడ పడితే పని తేలిక. ప్రోబయోటిక్ పొడుల్లో కొన్నిట్లో కూడా పాల ఆనవాళ్ళు ఉంటాయి, డాక్టరుగారిని అడగాలి. పెరుగన్నం కలిపిన చేత్తోనే పిల్లకు పప్పన్నం పెట్టకూడదు. నెత్తురు త్వరగా ఆగుతుంది గానీ చర్మం నిదానం, మూడో వారం దాటినా పొక్కులు మిగిలాయని కంగారు పడక్కర్లేదు. తగ్గాక డాక్టరు చెప్పినప్పుడు మళ్ళీ పాలిచ్చి, లక్షణాలు తిరిగొస్తేనే అలర్జీ అని ఖాయం. ఈ మెట్టు ఎగ్గొడితే లేని జబ్బుకు ఏళ్ళ తరబడి పాలు మాన్పించినట్టవుతుంది.

ఈలోపు ఇంట్లో పెద్దవాళ్ళ సలహాలు వస్తాయి. మా అత్తమ్మ మేకపాలు పట్టమన్నారు. ఆవు, బర్రె, మేక పాల ప్రోటీన్లు దాదాపు ఒకే పోలిక, ఆవు పాలు పడని పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందికి పైగా మేకపాలూ పడవు. పైగా వాటిలో ఫోలేట్ అనే బి విటమిన్ బాగా తక్కువ. ‘మన ఒంగోలు ఆవు పాలు ఏ2 పాలు, అవి ఏమీ చేయవు’ అని మా వైపు చాలామంది గట్టిగా నమ్ముతారు. ఒంగోలు జాతి గొప్పదే, అందులో అనుమానం లేదు. కానీ ఏ1, ఏ2 అన్నది బీటా కేసీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా. అలర్జీ తెచ్చే మిగతా ప్రోటీన్లన్నీ ఏ2 పాలలోనూ ఉన్నాయి. వీధిలోకి తోలుకొచ్చి పిండి ఇచ్చే గాడిద పాలు కొందరు అలర్జీ పిల్లలకు పడతాయన్న మాట నిజమే అయినా, వాటిలో కొవ్వు మరీ తక్కువ, కాచకుండా తాగించడం ప్రమాదం. అవి పాల స్థానం నింపవు.

ఇక ఏది ఎంచుకోవాలన్నది వయసును బట్టి. ఏడాది లోపు తల్లిపాలే మొదటి మాట. తల్లి తిన్న పాల వల్లే బిడ్డకు లక్షణాలు వస్తుంటే తల్లి కూడా పాలు మాని కాల్షియం వేసుకోవాలి. తల్లిపాలు చాలకపోతే ప్రోటీన్లను ముక్కలుగా విరిచిన ప్రత్యేక ఫార్ములా, అదీ పడకపోతే అమైనో ఆమ్లాల ఫార్ములా, రెండూ డాక్టరు రాస్తేనే. ఖరీదు ఎక్కువ, రుచి చేదు. చిన్న ఊళ్ళలో మందుల షాపుకు ముందే చెప్పి తెప్పించుకోవాలి. కొలత స్పూను డబ్బాలోదే వాడాలి, పొడి కలిసొస్తుందని నీళ్ళు ఎక్కువ పోయకూడదు. సోయా ఫార్ములా ఆరు నెలలు నిండాకే. సోయా, బాదం పానీయాలు ఈ వయసులో పాలకు బదులు కానే కావు.

ఏడాది దాటాక లెక్క మారుతుంది. పిల్ల అన్నం తింటుంది కాబట్టి రోజుకు రెండు కప్పుల పాల బలాన్ని మాత్రమే భర్తీ చేయాలి. ప్రోటీన్లో ఆవు పాలకు బాగా దగ్గరగా వచ్చేది సోయా, కప్పుకు ఆరేడు గ్రాములు. బాదం పానీయంలో గ్రాము అటూ ఇటూ, కొబ్బరి పానీయంలో ఏమీ లేనట్టే. బియ్యం పానీయాన్ని అందులో ఉండే ఆర్సెనిక్ అనే విషపదార్థం కారణంగా బ్రిటన్‌లో అయిదేళ్ళ లోపు పిల్లలకు వద్దంటారు. 2021లో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మొక్కల పానీయాల మీద పాలు అన్న పేరు వద్దని గట్టిగా చెప్పింది, కాబట్టి షాపులో ‘సోయా డ్రింక్’ అనో ‘సోయా బెవరేజ్’ అనో అడగాలి. చక్కెర కలపనిది, 100 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, బీ12, డీ విటమిన్లు కలిపినది చూసి తీసుకోవాలి. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది. డబ్బా తెరిచే ముందు బాగా కుదపకపోతే పైన తేటే పిల్లకు పోతుంది, సున్నం లాంటి ముద్ద అట్టపెట్టె అడుగున మిగిలిపోతుంది.

సోయా కూడా పడని పిల్లలు ఉన్నారు, పేగు రకం అలర్జీలో మరీనా. అందుకే డాక్టరును అడిగి, ఉదయం పూట ఒక స్పూనుతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచాం. ఆ వారం కొత్త పదార్థం ఇంకేదీ పెట్టలేదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది. వంద గ్రాముల సోయా గింజలు ఎనిమిది గంటలు నానబెట్టాలి. మా నెల్లూరు ఎండలకు మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. నానిన గింజల్ని చిటికెడు వంటసోడా వేసిన మరిగే నీళ్ళలో అయిదు నిమిషాలుంచి వంపేస్తే పచ్చి వాసన చాలావరకు పోతుంది. పొట్టు నలిపి తీసి, మొత్తం 800 మిల్లీలీటర్ల వేడి నీళ్ళతో రెండు మూడు విడతలుగా మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో పిండాలి. మిక్సీ జారు సగానికి మించి నింపితే ఆవిరికి మూత ఎగురుతుంది. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే నురగ ఉబ్బి పొంగుతుంది, అది మరగడం కాదు. అక్కడ దించేస్తే పచ్చి సోయాలో ప్రోటీను అరగకుండా అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు అలాగే ఉండి పిల్లకు కడుపునొప్పి, వాంతులు వస్తాయి. మంట తగ్గించి, నిజంగా మరగడం మొదలయ్యాక అడుగు కలుపుతూ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కాచాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులు, కరెంటు పోతుంటే ఆ పూటకే. ఇలా చేసినదాంట్లో ప్రోటీను బాగుంటుంది గానీ కాల్షియం తక్కువ, బీ12 అసలుండదు.

ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. ముప్పై గ్రాముల రాగిపిండి జావలో వంద వస్తుంది. వేయించి దంచిన నువ్వులపొడి చెంచాకు ముప్పై నలభై. నువ్వులకూ అలర్జీ ఉంటుంది కాబట్టి కొద్దిగా మొదలుపెట్టాలి. మునగాకు పప్పు మంచిది. ముళ్ళతో సహా మెత్తగా ఉడికించి నలిపిన నెత్తళ్ళ చేపలు మా తీరం వాళ్ళకు చేతిలో ఉన్న గని, బీ12 కూడా వస్తుంది. ఎండు నెత్తళ్ళయితే ఉప్పు పోయేలా నానబెట్టి రెండు మూడుసార్లు కడగాలి. గుడ్డు రోజూ. కొవ్వు తగ్గకుండా అన్నంలో నెయ్యి బదులు నువ్వుల నూనె, వేరుశనగ నూనె. వేరుశనగ గింజలు మాత్రం పొలమారతాయి, ముద్దగా నూరిందే పెట్టాలి.

లోటు సిరప్‌తో పూడ్చాలి. సీసా మీద ‘కాల్షియం కార్బొనేట్ 250 మిల్లీగ్రాములు’ అని ఉంటే అందులో అసలు కాల్షియం వందే, మిగతాది కార్బొనేట్ బరువు. డీ చుక్కల్లో మిల్లీలీటరుకు 400 యూనిట్లవీ 800 యూనిట్లవీ రెండూ దొరుకుతాయి, సీసా మారితే కొలత మారుతుంది. ఏడాది దాటిన పిల్లకు రోజుకు 600 యూనిట్లు. ప్రతి నెలా బరువు ఒకే కాటా మీద చూసి, ఎత్తు కొలిచి తల్లీబిడ్డల కార్డులో గీత వేయించాలి. గీత వంగితే కూటిలో ఎక్కడో లోటుంది.

ఆరు నెలలు మాన్పించాక, మా పాపది నిదానం రకం కాబట్టి ఇంట్లోనే మెట్లు ఎక్కించమన్నారు. మొదట పాలపొడి ఉన్న బిస్కెట్టు పావు ముక్క. గోధుమపిండితో కలిసి ఓవెన్‌లో కాలిన పాల ప్రోటీను రూపు మారి, చాలామంది పిల్లలకు ముందు అదే పడుతుంది. తర్వాత కేకు, ఆ తర్వాత పాలు పోసి కలిపిన గోధుమ అట్టు, పెరుగు, చివరికి పాలు. జ్వరం, విరేచనాలు, యాంటీబయాటిక్ వాడే రోజుల్లో పై మెట్టుకు వెళ్ళకూడదు, ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. పాప ఇప్పుడు అట్టు దగ్గర ఉంది. వడదెబ్బ విరేచనాల కాలం దాటాక పెరుగు మొదలుపెడతాం.