ట్యాంకు అడుగంటిన భోగి

ఆ ఏడు భోగి ఆదివారం పడింది. పొద్దున్నే చిన్నాడికి తలకి నువ్వుల నూనె పెట్టి, ఒళ్లంతా శనగపిండి రుద్ది షవరు కింద నిలబెట్టాను. కుళాయి తిప్పగానే నీళ్లు ఒక్కసారి జల్లుమని వచ్చి, దగ్గినట్టు రెండుసార్లు గాలి కక్కి ఆగిపోయాయి. బయట పంపు మాత్రం గుయ్యిమని తిరుగుతూనే ఉంది. "అమ్మా, కళ్లల్లోకి పోతోంది" అని వాడు ఒకటే ఏడుపు. ఫ్రిజ్‌లో ఉన్న రెండు సీసాల నీళ్లు తెచ్చి నెత్తిన పోశాను. జనవరి ఎండ కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇల్లు పీకి పందిరేసేవాడు.

మేముండేది ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్‌లోని డబ్బో అనే ఊరికి 30 కిలోమీటర్ల అవతల. ఇక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం. మా ఆయన డీజిల్ మెకానిక్. రీజినల్ వీసా మీద వచ్చాం కాబట్టి సిడ్నీలో ఉండే వీల్లేదు. డబ్బోలో అద్దె ఇల్లు దొరకలేదు. ఒక గొర్రెల రైతు తన పొలంలో ఖాళీగా ఉన్న పాత ఇల్లు ఇస్తానంటే చేరిపోయాం. ఇక్కడ పొలాన్ని 'ప్రాపర్టీ' అంటారు. కొత్తలో బడి దగ్గర ఒకావిడ మా ప్రాపర్టీ ఎక్కడని అడిగితే, అప్పుడే ఆస్తిపాస్తులు ఆరా తీస్తోందేంటా అనుకున్నా.

ఈ ఇంటికి ఊరి పైపు రాదు. రేకుల కప్పు మీద పడ్డ వాన గట్టర్లోంచి జారి ట్యాంకులో చేరుతుంది. తాగినా, అంట్లు తోమినా అవే నీళ్లు. ట్యాంకు 22,500 లీటర్లు. మేం దిగిన రోజు నిండా ఉంది. అనంతపురం జిల్లాలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి పెరిగినదాన్ని, అన్ని నీళ్లు ఇంటి పక్కనే కనిపించేసరికి ఇంక నాకేం లోటు అనుకున్నా. లెక్క వేయలేదు. డిసెంబరు సెలవులకి సిడ్నీ నుంచి మా ఆడపడుచు వాళ్లు నలుగురు వచ్చి పది రోజులు ఉన్నారు. ఒక్కొక్కరు రోజుకి రెండు స్నానాలు, వాషింగ్ మెషిన్ కూడా రోజూ రెండుసార్లు. ఇంటికొచ్చినవాళ్లని నీళ్లు తక్కువ వాడండని ఎలా అంటాం? నాకైతే నోరు రాలేదు.

ఇంటి వెనక ఇంకో ట్యాంకు ఉంది, 20,000 లీటర్లు, నిండుగా. మా ఆయన చూపు ముందు దాని మీదే పడింది. ఇంటి యజమాని పెద్దాయనకి ఫోన్ చేస్తే ఒక్కటే మాట అన్నాడు: "అది నీదీ కాదు, నాదీ కాదు. ఫైర్ వాళ్లది." కార్చిచ్చు వస్తే రూరల్ ఫైర్ సర్వీస్ బండి గొట్టం తగిలించుకోవడానికి దానికి 65 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన మూతి ఉంటుంది. ఆ రోజు మా జిల్లాలో టోటల్ ఫైర్ బ్యాన్ కూడా. భోగి మంట మాట దేవుడెరుగు, ఆరుబయట అగ్గిపుల్ల గీయాలన్నా భయమే. పిల్లలు ఎర్ర కాగితాలు కత్తిరించి వరండాలో పుల్లల మధ్య దోపి, అదే భోగి మంట అన్నారు.

అరగంటలో పెద్దాయన ట్రైలర్ మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ డబ్బా వేసుకొచ్చాడు. అందులో ఉన్నవి గొర్రెల తొట్టికి వాడే బోరు నీళ్లు. స్నానానికి, టాయిలెట్‌కి సరే, తాగొద్దన్నాడు. తాగే నీళ్లు డబ్బోలో డబ్బాల లెక్కన కొన్నాం. పండగ మూడు రోజులూ బకెట్, చెంబు స్నానాలే. పిల్లలకి అది పిక్నిక్‌లా ఉంది.

సోమవారం నీళ్ల లారీల వాళ్లకి ఫోన్లు మొదలుపెట్టాను. మొదటాయన బుధవారం వస్తానన్నాడు, రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఇంకొకాయన శుక్రవారానికి ఒప్పుకున్నాడు గానీ బోలెడన్ని ప్రశ్నలు: గేటు వెడల్పెంత, లారీ ట్యాంకు దాకా వస్తుందా, మూత ఎంత పెద్దది, నేల మెత్తగా ఉందా. ఒక లోడు 13,000 లీటర్లు. డబ్బులు మా వారం సరుకుల ఖర్చు కంటే ఎక్కువే అయ్యాయి.

ట్యాంకు ఎలాగూ ఖాళీ కదా, దిగి అడుగు కడిగేస్తానని మా ఆయన నిచ్చెన వేశారు. పెద్దాయన అరిచినంత పని చేశాడు. మూసి ఉన్న ట్యాంకులో గాలి ఆడదు, మనిషి స్పృహ తప్పితే బయటికి లాగడం కూడా కష్టమట. మూతలోంచి గొట్టం దింపి, చిన్న పంపుతో బురద లాగారు. నల్లటి రొచ్చు, యూకలిప్టస్ ఆకులు, వాటితోపాటు బతికున్న చిన్న కప్ప ఒకటి వచ్చాయి. ఇన్నాళ్లూ ఈ నీళ్లతోనా పప్పు వండింది అని నాకు కడుపులో తిప్పింది. కప్పని పెంచుకుందామని పెద్దాడు ఒకటే గొడవ.

లారీ వచ్చి నింపాక కూడా కుళాయి రాలేదు. పంపులో గాలి పట్టేసింది. పంపు మీదున్న నట్టు వదులు చేసి, చెంబుతో నీళ్లు పోసి, బుడగలు ఆగేదాకా చూసి మళ్లీ బిగించారు. నట్టు చుట్టూ నీళ్లు చిమ్ముతుంటే ఆయన మొహం చూడాలి, బోరు పడ్డ రైతులా ఉన్నారు.

ఆ రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నా. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా కప్పు 200 చదరపు మీటర్లు. డబ్బోలో ఏడాది వాన అటూ ఇటూగా 550 మిల్లీమీటర్లు. ఆ అంకె నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, మా అనంతపురంలో పడేదీ దాదాపు అంతే! చుక్క కూడా వృథా కాకుండా పట్టినా ఏడాదికి లక్షా పది వేల లీటర్లు, అంటే రోజుకి మూడొందలు. మేం నలుగురం ఆరొందలు వాడుతున్నాం. ఇంత దూరం విమానమెక్కి వచ్చి అదే వానకి చేరానా అని నవ్వొచ్చింది.

ఇప్పుడు స్నానానికి మూడు నిమిషాలు, దుప్పట్లయితే డబ్బోలో లాండ్రీకి. ప్రతి ఆదివారం మట్టం చూడటం నా పని. మాది జింకు రేకుల ట్యాంకు. కెటిల్‌లో మరిగించిన నీళ్లు పైనుంచి దాని ఒంటి మీద ధారగా పోసి, వెంటనే అరచెయ్యి పైనుంచి కిందికి జరుపుకుంటూ రావాలి. ఖాళీ ఉన్నంత మేర రేకు వెచ్చగా తగులుతుంది. ఒకచోట ఠక్కున చల్లబడుతుంది, నీళ్లు అక్కడిదాకా ఉన్నట్టు. అక్కడ సుద్దముక్కతో గీత గీస్తా. ఈ కిటుకు పెద్దాయన భార్య చెప్పింది. ముందే చెప్పి ఉండొచ్చు గానీ, నేనూ అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఉరుములతో వాన పడింది. పొద్దున కొలపాత్రలో 18 మిల్లీమీటర్లు. నేను నోరు తెరిచేలోపే పెద్దాడు "మూడు వేల ఆరొందలు" అన్నాడు. ఊళ్లో మా నాన్నకి ఫోన్ చేసి చెప్తే లీటర్లు ఆయనకి పట్టలేదు. "ఒక పదునైందా?" అన్నారు, దుక్కికి సరిపడా నేల తడిసిందా అని. అవతల చిన్నాడు గట్టర్ కింద గొట్టం మూత తిప్పి, కప్పు కడిగిన తొలి మురికి నీళ్లని బకెట్‌లోకి వదులుతున్నాడు. బకెట్ నిండాక రెండు చేతులతో ఈడ్చుకుంటూ కరివేపాకు మొక్క దగ్గరికి పట్టుకెళ్లాడు, సగం కాళ్ల మీదే ఒలికించుకుంటూ.